ప్లస్ పన్నెండు, సున్నా, మైనస్ పన్నెండు

జూన్ 2, సోమవారం

ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రతి షిఫ్టు చివరా లాగ్‌బుక్ రాశాను. ఏ మోటారు ఎన్ని గంటలకి ఆగింది, ఎందుకు ఆగింది, ఎవరు బాగుచేశారు. రిటైరై రెండేళ్ళయినా సాయంత్రం అయ్యేసరికి చెయ్యి పెన్ను కోసం వెతుక్కుంటుంది. ఇంట్లో మోటార్లు లేవు. లలిత ఉంది. ఆమె గురించే రాస్తాను. ఎవరికీ చూపించేది కాదు గనక మొహమాటం అక్కర్లేదు.

జనవరిలో థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక లలిత గొంతు పోయింది. పూర్తిగా పోలేదు. గాలి వస్తుంది, ఆ గాలిలో మాట వినిపిస్తుంది, పాట మాత్రం రాదు. నరం దెబ్బతింది, ఏడాది ఆగి చూడాలి అన్నాడు డాక్టరు. ఈ ఎల్బీనగర్ ఇంటి ముందుగదిలో ఇరవై ఆరేళ్ళు పిల్లలకి సంగీతం చెప్పిన మనిషి. చాపలు చుట్టి అటక ఎక్కించింది. అప్పట్నించీ ఇంట్లో కుక్కర్ కూత ఒక్కటే పాట.

పోయిన నెల పాత శిష్యురాలు జ్యోతిక వచ్చి ఒక పిచ్చి అంటించి పోయింది. సింథసైజర్ అట. కొనుక్కునేది కాదు, మనమే చేసుకునేది. బెంగళూరు నుంచి అట్టపెట్టె వచ్చింది. అందులో నాలుగు పచ్చ బోర్డులు, గుప్పెడు గుప్పెడు చిన్న పార్టులు, వేలు జారిస్తే స్వరం జారే పొడుగాటి పట్టీ ఒకటి. "గొంతులో గమకం రావట్లేదు. వేలితో వస్తుందేమో చూస్తాను" అంది లలిత. జూలై పదిన గురుపూర్ణిమ. ఏటా ఆ రోజు శిష్యులు ఇంటికొస్తారు, ఆమె పాడుతుంది. ఈసారి వాయిస్తుందట. ఐదు నెలల తర్వాత ఈ మనిషి ముందుకి చూసి ఒక మాట అనడం ఇదే.

పెట్టెలో పవర్ సప్లై లేదు. "అది మీరు చూస్తారా?" అని అడిగింది.

నేనా! ముప్ఫై మూడు వేల వోల్టుల సబ్‌స్టేషన్ చూసినవాణ్ణి. "అదీ ఒక పనేనా" అన్నాను.

జూన్ 3

దీనికి మూడు తీగలు కావాలి. ప్లస్ పన్నెండు వోల్టులు, సున్నా, మైనస్ పన్నెండు. శబ్దం సున్నాకి పైకీ కిందకీ ఊగుతుంది కాబట్టి కరెంటు కూడా రెండు వైపులా ఉండాలని లలిత నాకు వివరించింది. నాకు! కళ్ళజోడు పెట్టుకుని, కిట్‌తో వచ్చిన పుస్తకం చూస్తూ, ఏ బోర్డు ఎంత లాగుతుందో కాగితం మీద కూడింది. మొత్తం నూట ఎనభై మిల్లీ ఆంపియర్లు. "దానికి రెట్టింపు ఇచ్చేది చూడండి" అంది.

నవ్వొచ్చింది. మా ఫ్యాక్టరీలో గుమ్మం దగ్గర లైటు అంతకంటే ఎక్కువ తాగేది.

పుస్తకం చదవమని నాకూ ఇచ్చింది. పుస్తకాలు కొత్తవాళ్ళకి. టీవీ మీద పెట్టాను.

జూన్ 5, గురువారం

మా అమ్మాయి భావన కాలేజీ రోజుల కంప్యూటర్ అటక మీద ఉంటే దించి, దాని పవర్ సప్లై పీకాను. అందులో ప్లస్ పన్నెండూ ఉంది, మైనస్ పన్నెండూ ఉంది. పదినిమిషాల్లో పని అయిపోయిందని కాలరెగరేశాను. పరీక్ష చెయ్యడానికి జ్యోతిక తన దగ్గరున్న చిన్న బోర్డు ఒకటి ఇచ్చింది. మూడు స్క్రూలు, మూడు తీగలు, ఒక స్పీకరు. "సా" అని మోగింది.

లలిత తల అడ్డంగా ఊపింది. "లోపల ఎవరో ఈల వేస్తున్నారండీ."

నాకేం వినపడలేదు. మోటార్ల మధ్య బతికిన చెవులు. ఫోన్లో జ్యోతికని అడిగితే, "అవును అంకుల్, కంప్యూటర్ది పెడితే కీచుమంటది. దాంట్ల మైనస్ దిక్కు బలం గూడ తక్కువుంటది" అంది. అందరూ ఇంజినీర్లే.

జూన్ 6

ఈల నిజమే. స్పీకర్‌కి చెవి ఆనిస్తే వినపడింది. ఆమెకి చెప్పలేదు.

జూన్ 9, సోమవారం

కొత్త ఐడియా. పన్నెండు వోల్టుల అడాప్టర్లు రెండు. ఒకదాని ప్లస్సూ రెండోదాని మైనస్సూ కలిపి ముడేస్తే ఆ ముడి సున్నా అవుతుంది. పైవైపు ప్లస్ పన్నెండు, కిందివైపు మైనస్ పన్నెండు. ఎంత తెలివి! ఇది నేనే కనిపెట్టానని భావనకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

మోగింది. ఈల కూడా తగ్గింది. లలిత కళ్ళు మూసుకుని వింటోంది. ఇంతలో వంటింట్లో ఫ్రిజ్ ఆన్ అయింది. స్వరం జర్రున కిందకి జారింది. లలిత కళ్ళు తెరిచింది.

"ఫ్రిజ్ ఆగేదాకా పాడకూడదేమో" అంది. ఆ గాలిగొంతుతో జోకు వేసింది! నాకు కోపం రావాల్సింది, రాలేదు.

జూన్ 11

మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. బస్ డిపో వెనక సందులో సైదులు అని ఆంప్లిఫయర్లు బాగుచేసేవాడున్నాడు. బోనాలకి తిరిగే డీజే బండ్లన్నీ వాడి దగ్గరికే వస్తాయి. కొట్టు నిండా రాగి తీగ, కాలిన వార్నిష్ వాసన. నా రెండు అడాప్టర్ల సంగతి చెబితే చేస్తున్న పని ఆపి మరీ నవ్వాడు.

"రెండు అడాప్టర్లు జోడు గట్టుడేంది సార్? అవి రెండు ఒక్క తీరుగ ఉంటయా? ఒకటి గుంజితె ఇంకోటి కుంగుతది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిస్త, పట్టుకపోండ్రి. పదిహేను, సున్నా, పదిహేను. జర బరువైతది గాని సప్పుడు రాదు."

"నాకు కావలసింది పన్నెండు కదయ్యా."

"పన్నెండు గావాలంటే పన్నెండే పెడతరా? పొద్దుమీకితే మన దిక్కు కరెంటు పడిపోతది. పైనకెల్లి ఎక్కువిస్తే రెగ్యులేటర్ దాన్ని కోసి సాఫ్‌గ పన్నెండు జేస్తది. తక్కువిస్తే అదేం కోస్తది సార్, గాలి కోస్తదా?"

ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసిన నాకు పాఠం. పైగా వాడు చెప్పింది అక్షరాలా కరెక్టు. ఎవరికని అడిగాడు. గొంతు పోయిన సంగీతం టీచరుకి అన్నాను. అరలోంచి బరువైన ఇనప చట్రం ఒకటి తీశాడు. "అయితె మంచి కోర్ ఏస్త" అన్నాడు.

జూన్ 14, శనివారం

అయింది. ఇనప డబ్బా, లోపల సైదులు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్, రెండు రెగ్యులేటర్లు, వాటికి వేడి లాగే అల్యూమినియం రెక్కలు. ఎర్త్ తీగ నేనే బిగించాను. మీటరు పెట్టి చూస్తే ఇటు పన్నెండు, అటు పన్నెండు, వెంట్రుకవాసి తేడా లేదు. ఫ్రిజ్, మిక్సీ, ఇస్త్రీపెట్టె అన్నీ ఒకేసారి వేయించాను. స్వరం కదల్లేదు.

తర్వాత లలిత స్వరం ఆపేసి, స్పీకర్‌కి చెవి ఆనించి చాలాసేపు కూర్చుంది. "ఏం వినపడట్లేదండీ" అంది. మొహం వెలిగిపోతోంది. ఏమీ వినిపించకుండా చేసినందుకు నన్ను మెచ్చుకున్నారు జీవితంలో మొదటిసారి. రాత్రికి నాకిష్టమని గుత్తివంకాయ చేసింది.

జూన్ 20, శుక్రవారం

లలిత మొదటి బోర్డు పూర్తిచేసింది. స్వరం పుట్టించేది ఇదే. మూడు వారాలు పట్టింది. నూట నలభై చోట్ల సీసం కరిగించి అంటించింది, ఒక్కొక్కటీ భూతద్దంతో చూసుకుంటూ. నా డబ్బా నుంచి బోర్డుకి ఒక బూడిదరంగు రిబ్బన్ కేబుల్ వెళుతుంది. పది తీగలు పక్కపక్కనే అంటుకుని ఉంటాయి, ఒక అంచు మాత్రం ఎరుపు. సాయంత్రం అది కూడా తగిలించి, ఫొటో తీసి జ్యోతికకి పంపింది. ప్రతి పనికీ ఫొటో తీస్తుంది. రేపు పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి స్విచ్ వేస్తుందట.

జూన్ 21, శనివారం

బోర్డు కాలిపోయింది.

దీపం పెట్టింది. నన్ను పిలిచింది. స్విచ్ వేసింది. ఒక్క క్షణం చిటపట, తర్వాత నల్లటి చిప్ మీంచి సన్నగా పొగ. నేనే పరుగెత్తి ప్లగ్ పీకాను. నా సప్లై మీటరు పెట్టి చూశాను, దానికేం కాలేదు.

లలిత పుస్తకం తీసి ఆ పేజీ చూసింది. ఎర్ర అంచు మైనస్ వైపు ఉండాలని ఉంది అందులో. కేబుల్ చూసింది. ప్లస్ వైపు ఉంది. పిన్నులకి అడ్డుగోడ లేదు, ఎటు పెట్టినా దిగుతుంది. "తిరగేసి పెట్టాను" అంది. "నాలుగుసార్లు చూసుకున్నాను. అయినా తిరగేసి పెట్టాను."

కొత్తవాళ్ళకి ఇలాంటివి మామూలేనని ధైర్యం చెప్పాను.

జూన్ 22

ఉప్మా చేసింది. తను తినలేదు.

జూన్ 23, సోమవారం

ఒక విషయం. శనివారం పొద్దున లలిత స్నానానికి వెళ్ళినప్పుడు నేను ఆ బల్ల దగ్గరికి వెళ్ళాను. వెళ్ళడం తప్పేం కాదు. సప్లై నాది. ఎవరైనా ఒకసారి చూసుకుంటారు. చూశాను, అంతే.

జూన్ 25

లలిత స్కూటర్ తాళం తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఇక తను నడపదట. "చూసింది ఒకటి, చెయ్యి చేసింది ఒకటి. రోడ్డు మీద ఇలా అయితే?" అంది. ఆపరేషన్ తర్వాత కాల్షియం తగ్గితే చేతులు తిమ్మిరెక్కుతాయని, పట్టు తప్పుతాయని డాక్టరు చెప్పాడు కదా, అది మొదలైందేమో అంటోంది. మధ్యాహ్నం సూదిలో దారం ఎక్కించి చూసుకుంది. ఎక్కింది. మళ్ళీ తీసి మళ్ళీ ఎక్కించింది. తొమ్మిదిసార్లు. నేను పేపరు అడ్డం పెట్టుకుని లెక్కపెట్టాను.

అదేం కాదులే అన్నాను.

జూన్ 26, గురువారం

లాగ్‌బుక్‌లో అబద్ధం రాసిన ఆపరేటర్ని ఒకణ్ణి నేను సస్పెండ్ చేయించాను. ఆ మాట గుర్తొచ్చి రాస్తున్నాను.

శనివారం పొద్దున బల్ల దగ్గరికి వెళ్ళి చూశాను. ఎర్ర అంచు మైనస్ పిన్ను మీద ఉంది. ఎరుపు మైనస్ మీదా! ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎరుపంటే ప్లస్సు. బ్యాటరీ గదిలో ఎరుపు ప్లస్సు, ప్యానెల్లో ఎరుపు ప్లస్సు, ట్రైనింగుకి వచ్చిన ప్రతి వెధవకీ మొదటిరోజు నేను చెప్పే మొదటి పాఠం ఎరుపు ప్లస్సు. పాపం పొరపాటు చేసింది, మంచివేళకి చూశాననుకున్నాను. కేబుల్ లేపాను. తిప్పి పెట్టాను. చెబితే చిన్నబుచ్చుకుంటుందని చెప్పలేదు. ఎంత మంచి మనసు నాది!

ఆ పుస్తకం టీవీ మీదే ఉంది అప్పుడు. నాకు మూడడుగుల దూరంలో.

బోర్డు నేను కాల్చాను. ఇది రాసేశాను కాబట్టి రేపు చెప్పేస్తాను.

జూన్ 27

చెప్పలేదు. తలనొప్పిగా ఉందంది.

జూన్ 28

ముందు కొత్త బోర్డు తెప్పిస్తే బాగుంటుంది. వస్తువు చేతిలో ఉంటే చెప్పడం తేలిక. బెంగళూరుకి ఆర్డర్ పెట్టాను.

జూన్ 29, ఆదివారం

జ్యోతిక వచ్చింది మన్సూరాబాద్ నుంచి. కాలిన బోర్డు తిప్పి తిప్పి చూసింది. లలిత పక్క కూర్చుని, తన తప్పేనని గాలిగొంతుతో మళ్ళీ మొదట్నించీ చెప్పింది. ఆ పిల్ల బోర్డు బల్ల మీద పెట్టేసింది. వెళ్ళేటప్పుడు, "అంకుల్, జర కిందికి వస్తరా? స్కూటీ స్టార్ట్ అయితలేదు" అంది.

కిందకి వెళితే స్కూటీ బాగానే ఉంది. ఫోన్ తీసి చూపించింది. బోర్డు కాలే ముందురోజు సాయంత్రం లలిత పంపిన ఫొటో.

"ఎర్ర అంచు యాడుంది జూడుండ్రి అంకుల్. మైనస్ దిక్కే. టీచర్ కరెక్టే పెట్టింది. మరి పొద్దుగాలకి ఎట్ల తిరిగింది?"

"నాకేం తెలుసమ్మా" అన్నాను.

అరవయ్యో ఏట, ఇరవై ఆరేళ్ళ పిల్ల ముందు, నా ఇంటి గేటు దగ్గర నిలబడి ఆ మాట అన్నాను. ఆ పిల్ల నావంక చూసి ఫోన్ బ్యాగులో పెట్టుకుంది. "నేనైతే టీచర్‌కు జెప్ప. మీ ఇంటి ముచ్చట. కానీ ఆమె తన చెయ్యే ఖరాబైంది అనుకుంటున్నది అంకుల్" అని బండి తీసింది.

జూలై 1, మంగళవారం

కొత్త బోర్డు వచ్చింది. "చూడు, మళ్ళీ చేసుకోవచ్చు" అని లలిత ముందు పెట్టాను. డబ్బా విప్పలేదు. నా చెయ్యి తట్టి, "మీరు చాలా మంచివారండీ" అంది.

ఈ వాక్యం రాయడానికి అరగంట పట్టింది.

జూలై 2

గురుపూర్ణిమకి ఎవరూ రావద్దని శిష్యుల గ్రూపులో మెసేజ్ పెట్టేసింది. పట్టీ, బోర్డులు, సీసం కడ్డీ, భూతద్దం అన్నీ అట్టపెట్టెలో సర్ది, జ్యోతికకి ఇచ్చేయమంది. చేతులకి టెస్టులు రాయించుకుంది. శుక్రవారం రక్తం, తర్వాత నరాల పరీక్ష.

గొంతు పోయినప్పుడు ఏడ్చింది, దేవుణ్ణి తిట్టింది, నన్ను తిట్టింది. ఇప్పుడు ఎవర్నీ తిట్టట్లేదు. అది చూడలేకపోతున్నాను.

జూలై 3

రిపోర్టు నార్మల్ వస్తుంది. అప్పుడు తనకే ధైర్యం వస్తుంది. చెప్పాల్సిన అవసరం ఉండకపోవచ్చు.

జూలై 4, శుక్రవారం

పొద్దున్నే పరగడుపున దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాం. ల్యాబ్‌లో టోకెన్ పదకొండు. లలిత కుర్చీలో కూర్చుని ఎడమ చెయ్యి బల్ల మీద చాపింది. రక్తం తీసే అమ్మాయి మోచేతి పైన రబ్బరు కట్టి, "పిడికిలి గట్టిగ వట్టుండ్రి మేడం" అంది. లలిత పిడికిలి బిగించి, తెరిచి, మళ్ళీ బిగించింది. తన చెయ్యి తను చెప్పినట్టు వింటోందో లేదో చూసుకుంటోంది. అందులో సగం భయం, సగం బతిమాలుకోవడం.

నా నోట్లోంచి వచ్చేసింది. "వద్దమ్మా, ఆగు. మా ఆవిడ చేతులకేం కాలేదు. బోర్డు కాల్చింది నేను."

సూది పట్టుకున్న అమ్మాయి నావంక చూసింది. "గదేం బోర్డు సార్? జర పక్కకు జరుగుండ్రి, ఎనక లైనుంది."

జరగలేదు. మొత్తం చెప్పేశాను. ఆ శనివారం పొద్దున, తను స్నానంలో ఉన్నప్పుడు, ఎరుపు మైనస్ మీద ఉంటే తప్పనుకుని నేను తిప్పానని. టోకెన్ పన్నెండు, టోకెన్ పదమూడు కూడా వింటున్నారు. నాకు పట్టలేదు.

లలిత నా మొహం చూడలేదు. ముందు తన చేతులు చూసుకుంది. రెండూ ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు పైకి తిప్పి, మళ్ళీ బోర్లించి, వేళ్ళు ఒక్కొక్కటే మడిచి చూసుకుంది. పోయిన వస్తువు దొరికితే అంతా ఉందా లేదా అని చూసుకున్నట్టు. కళ్ళనించి నీళ్ళు కారుతున్నాయి. తర్వాత చెయ్యి మళ్ళీ చాపింది. "తియ్యమ్మా. కాల్షియం ఎలాగూ చూపించుకోవాలి" అంది.

బయటికొచ్చాక రోడ్డు మీద నిలబడింది. పెదాలు కదులుతున్నాయి. బస్సులు, ఆటోలు, పైన మెట్రో, ఏమీ వినపడలేదు. కోపంతో వణుకుతోంది, అరవడానికి గొంతు లేదు. వంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టాను. నన్ను తిట్టే తిట్లు వినడానికి నేనే వంగాను.

"బోర్డు పోతే పోయింది. పదమూడు రోజులండీ. పదమూడు రోజులు నా చేతుల్ని నేనే నమ్మలేదు. సూదిలో దారం ఎక్కిస్తుంటే పేపరు చదువుతూ కూర్చున్నారు మీరు. మంచివారని కూడా అన్నాను నేను. దేవుడా!"

ఆటో పిలిచి ఎక్కి వెళ్ళిపోయింది. నేను మెట్రోలో వచ్చాను. ఇంటికి చేరేసరికి అట్టపెట్టె విప్పి ఉంది.

జూలై 5

మాట్లాడట్లేదు. భోంచేసే బల్ల అంతా ఆక్రమించేసింది. నాకు కంచం వంటింటి గట్టు మీద. ఒకే ఒక్క మాట అంది: "ఈ బల్ల దగ్గరికి రావద్దు."

స్కూటర్ తాళం నా టేబుల్ మీద లేదు.

జూలై 6, ఆదివారం

జ్యోతిక సాయంగా వచ్చింది, మిగతా మూడు బోర్డులూ తను చేస్తానంది. నేను కాఫీ పెట్టి ఇచ్చాను. "థాంక్స్ అంకుల్" అంది, మామూలుగా. ఆ మామూలు నాకు ఎంత ఊరటో.

మూడు వారాల పని ఈసారి నాలుగు రోజుల్లో చెయ్యాలి. గ్రూపులో మళ్ళీ మెసేజ్ పెట్టింది, రమ్మని.

జూలై 7

రిపోర్టు వచ్చింది. కాల్షియం నార్మల్. చూసి పక్కన పడేసింది, సీసం అంటించుకుంటూ.

క్షమించు అన్నాను. "సరే" అంది. ఆ సరే ఎలాంటిదో తెలియలేదు. అడిగే ధైర్యం లేదు. టీవీ మీది పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. పద్నాలుగో పేజీలో బొమ్మ వేసి మరీ ఉంది, పెద్ద అక్షరాల్లో.

జూలై 9

మోగింది. నేను పడకగదిలో ఉన్నాను. పిలవలేదు. తలుపు చాటునించి విన్నాను.

జూలై 10, గురువారం

పద్దెనిమిది మంది వచ్చారు. వనస్థలిపురం, చంపాపేట్, ఒకమ్మాయి ఏకంగా షాద్‌నగర్ నుంచి. చాపలు దించి పరిచాను. లలిత మధ్యలో కూర్చుంది, ముందు పీట మీద ఆ నాలుగు బోర్డులు, పట్టీ, పక్కన నా ఇనప డబ్బా. కేబుల్ తనే తగిలించింది. నేను గోడకి ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

పట్టీ మీద వేలు పెట్టింది. మొదట సన్నగా, వణుకుతున్నట్టు వచ్చింది శబ్దం. గొంతు కాదు, వీణ కాదు, ఇంతకుముందు ఈ ఇంట్లో వినపడనిది. తర్వాత వేలు కొంచెం జారించి, ఊపి, ఒకచోట నిలిపింది. అంతే, పిల్లలందరూ ఒక్కసారి ఆహా అన్నారు. ఆ ఊపు వాళ్ళకి తెలుసు. వాళ్ళ టీచరు గొంతులో పాతికేళ్ళుగా విన్నది. ఇక ఏడవనివాళ్ళు లేరు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాను.

వాళ్ళు పాడారు, ఆమె వాయించింది. గంటసేపు. ప్రసాదం పంచేటప్పుడు ఒకమ్మాయి అడిగింది, "టీచర్, ఫస్ట్ టైమే పనిచేసిందా?"

లలిత జ్యోతిక చెవిలో ఏదో చెప్పింది. జ్యోతిక నావంక ఒకసారి చూసి, తప్పదన్నట్టు, గదంతా వినపడేలా చెప్పింది. "టీచర్ ఏమంటున్నదంటే, ఫస్ట్ బోర్డు సార్ కాల్చిండు. కాల్చి పదమూడు రోజులు జెప్పలే. రెండోది ఇది."

పద్దెనిమిది తలలు నావైపు తిరిగాయి. భూమి చీలితే బాగుండు అనుకుంటారే, అలా అయింది నా పని. "నిజమేనమ్మా, నేనే" అన్నాను. అనేశాక మాత్రం గుండెలో ఏదో బరువు దిగినట్టయింది.

"మరి సార్‌కి పనిష్మెంట్ ఏంది టీచర్?" అని అరిచింది వెనకనించి ఎవరో.

లలిత నన్ను చూసింది. వారం రోజుల్లో సూటిగా చూడటం ఇదే. తన పక్కన చాప మీద చెయ్యి వేసి తట్టింది. వెళ్ళి కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి.

"పాడండి" అంది, గాలిగొంతుతో.

"నేనా? పెళ్ళయిన ముప్ఫై రెండేళ్ళలో నువ్వెప్పుడైనా నన్ను పాడమన్నావా?"

"ఇప్పుడంటున్నా. సా అనండి."

పిల్లలు చప్పట్లు. తప్పించుకోవడానికి దారి లేదు. గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని "సా" అన్నాను. ఎక్కడో పడింది. ఏ శ్రుతీ కాదది, పిల్లలు పకపకా నవ్వారు. లలిత భుజాలు కూడా ఊగుతున్నాయి, శబ్దం లేకుండా నవ్వుతోంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. ఆపేద్దామనుకున్నాను. నా మోచెయ్యి పట్టుకుని, "ఆపకండి, అలాగే ఉంచండి" అంది.

ఊపిరి బిగబట్టి అలాగే ఉంచాను. ఆమె వేలు పట్టీ మీద జారుతూ నా గొంతు కోసం వెతికింది. పైకి వెళ్ళింది, కిందకి వచ్చింది, నేను ఎక్కడున్నానో అక్కడికి వచ్చి ఆగింది. రెండూ ఒకటే శబ్దం అయిపోయాయి. నా ఊపిరి అయిపోయేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.